అబద్ధం ఇచ్చిన ఆశ్రయం

జపాన్, యూదులు అనగానే సుగిహారా గుర్తొస్తాడు. 1940లో కౌనాస్‌లో, టోక్యో పెట్టిన షరతుల్ని పక్కనపెట్టి, రెండు వేలకు పైగా ట్రాన్సిట్ వీసాలు రాసిచ్చిన దౌత్యవేత్త.

ఆయన ప్రభుత్వం లెక్క వేరు. యూదుల్ని వెళ్లగొట్టకూడదని 1938 డిసెంబర్‌లోనే ఐదుగురు మంత్రులు తీర్మానించారు. జాలితో కాదు. ప్రపంచంలోని డబ్బంతా యూదుల గుప్పిట్లో ఉందన్న ప్రచారాన్ని కొందరు జపాన్ అధికారులు నిజమనే నమ్మారు. వాళ్లని మంచి చేసుకుంటే విదేశీ పెట్టుబడులొస్తాయి, అమెరికాతో చెడదు అనుకున్నారు. యూరప్‌లో ప్రాణాలు తీసిన అబద్ధమే ఇక్కడ నీడనిచ్చింది!

అమెరికాతో యుద్ధం మొదలయ్యాక ఆ ఆశ పోయింది. 1943లో షాంఘైలోని వేలాది యూదు శరణార్థుల్ని హాంగ్‌క్యూ ప్రాంతంలో కుక్కేశారు. బయటికెళ్లాలంటే పాస్ ఉండాలి. చంపలేదు, నిజమే. కానీ మనుషులుగా లెక్కేసిందీ లేదు. ఆ పని సుగిహారా చేశాడు.