టెక్‌లో హద్దు దాటే పంక్తులు

1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్ తన గ్రంథం రెండో సంపుటం ప్రూఫులు చూశారు. ఫోటో కంపోజింగ్‌లో అక్షరాల తీరు నచ్చక, టెక్ అనే కూర్పు వ్యవస్థను తానే రాయడం మొదలుపెట్టారు. 1982లో దాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు.

టెక్‌లో విషయం, ఆదేశాలు రెండూ మామూలు టెక్స్ట్ ఫైలులోనే ఉంటాయి. పంక్తులను ఒక్కొక్కటిగా కాక, పేరా మొత్తాన్నీ చూసి విరుస్తుంది. ఈ పద్ధతిని క్నూత్, మైకేల్ ప్లాస్ 1981లో ప్రచురించారు. పదాల మధ్య ఖాళీలు మరీ సాగడానికి టెక్ ఒప్పుకోదు. అందుకే ఎక్కడా విరుపు కుదరకపోతే పదం మార్జిన్‌లోకి పొడుచుకొస్తుంది. అప్పుడు లాగ్ ఫైలులో ‘ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్’ అన్న హెచ్చరిక, ఎన్ని పాయింట్లు దాటిందో ఆ లెక్క, ఫైలులో ఆ పేరా ఉన్న వరుసల సంఖ్యలు కనిపిస్తాయి. టెక్ ప్రాథమిక రూపమైన ప్లెయిన్ టెక్ అయితే ఆ పంక్తి చివర నల్లని పట్టీ కూడా ముద్రిస్తుంది. టెక్ మీదే నిర్మించిన లేటెక్‌లో ఆ పట్టీ కావాలంటే డ్రాఫ్ట్ ఎంపిక ఇవ్వాలి.

నివారణ మార్గాలు క్రమంగా పెరిగాయి. పదాలను ఎక్కడ విరవాలో చెప్పే నమూనాల పద్ధతిని 1983లో ఫ్రాంక్ లియాంగ్ తన సిద్ధాంత వ్యాసంలో వివరించారు. ఆ నమూనాలకు అందని పేర్లకు రచయితే విరుపు గుర్తులు పెట్టాలి. ఖాళీలకు అదనపు సాగుదల ఇచ్చే ‘ఎమర్జెన్సీస్ట్రెచ్’ టెక్ మూడో వెర్షన్‌తో వచ్చింది. 2004లో జొనాథన్ క్యూ రూపొందించిన జీటెక్ అనే టెక్ రూపాంతరం యూనికోడ్‌ను నేరుగా చదవడంతో తెలుగు కూర్పు సులువైంది. పొడవైన సమాసాలకు ఇక్కడా విరుపు నమూనాలే ఆధారం.