ధర్మకర్త కట్టు తప్పితే: వికారాబాద్, తాండూరు ప్రాంతంలో న్యాయమార్గాల చరిత్ర

ఆస్తి చేతిలో ఉన్నా దాన్ని సొంతానికి వాడుకునే హక్కు లేనివాడు ధర్మకర్త. అతడు కట్టు తప్పితే ఎవరిని ఆశ్రయించాలన్నది అనంతగిరి పద్మనాభస్వామి, తాండూరు భావిగి భద్రేశ్వరుడు కొలువైన ఈ ప్రాంతంలో కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

నిజాం హయాంలో గుడి అయినా మసీదు అయినా పెత్తనం ఉమూరె మజహబీ అనే మత వ్యవహారాల శాఖదే. 1349 ఫసలీ నాటి హైదరాబాద్ ఎండోమెంట్ నిబంధనలు ఆ అజమాయిషీకి రాతరూపం ఇచ్చాయి. 1951 ఏప్రిల్ 1న భారత సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇక్కడికి వచ్చింది. దాని 92వ సెక్షన్ కింద, ధర్మసంస్థతో సంబంధమున్న ఇద్దరు కోర్టు అనుమతితో కలిసి ధర్మకర్తను తొలగించమనీ, లెక్కలు చెప్పించమనీ దావా వేయవచ్చు. 1956లో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. గుల్బర్గా వైపు పాత నిజాం నిబంధనలను కర్ణాటక 1997 నాటి చట్టంతో గానీ రద్దు చేయలేదు. తాండూరుకు ఆ మార్పు 1966 దేవాదాయ చట్టంతోనే వచ్చేసింది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1987 నాటి 30వ చట్టమైన దేవాదాయ చట్టం. చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల మీద వచ్చిన ఈ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని ఎత్తేసింది. 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, సంస్థాపకుల కుటుంబానికి నిర్వహణలో చోటు ఉండాలంది. 28వ సెక్షన్ కింద నిధులు మింగినా, రికార్డులు అప్పగించకపోయినా ధర్మకర్తను సస్పెండ్ చేయవచ్చు, తొలగించవచ్చు. అయితే ముందు అభియోగాలు చెప్పి అతడి వాదన వినాలి. ముందస్తు అనుమతి లేకుండా గుడి భూమి అమ్మితే 80వ సెక్షన్ ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. ఆక్రమణలు, తగాదాలు విచారించే పని 2007 సవరణతో ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. చట్టం దారి చూపిన విషయాల్లో నేరుగా సివిల్ కోర్టుకు పోవడం కుదరదు.

ఇన్ని సెక్షన్లున్నా కేసు నిలబడేది కాగితం మీదే. 43వ సెక్షన్ రిజిస్టర్‌లో గుడి పుట్టుపూర్వోత్తరాలు, ధర్మకర్తల పేర్లు, భూములు, నగల తూకం, వాటి విలువ ఉండాలి. అందులో ఎక్కని నగ పోయిందని రుజువు చేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

కుటుంబ ట్రస్టుల దారి వేరు. వాటికి 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం వర్తిస్తుంది. ట్రస్టీ వల్ల కలిగిన నష్టాన్ని అతడే పూడ్చాలి. ఒక ఉల్లంఘనలో వచ్చిన లాభాన్ని చూపి మరో ఉల్లంఘనలో పోయిన సొమ్ముకు చెల్లువేస్తానంటే 24వ సెక్షన్ ఒప్పుకోదు. చేతులు మారిన ఆస్తిని లబ్ధిదారు వెంటాడి రాబట్టుకోవచ్చు. విషయం తెలియక, నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవాడికి మాత్రం రక్షణ ఉంది.

దావా వేసే కాలపరిమితికీ ఓ కథ ఉంది. 1921లో ప్రీవీ కౌన్సిల్ విద్యావారుతి తీర్థ స్వామిగళ్ కేసులో మఠాధిపతి, వక్ఫ్ నిర్వాహకుడైన ముతవల్లీ అసలు అర్థంలో ట్రస్టీలు కారంది. గడువు లేని వెసులుబాటు ట్రస్టీల మీది దావాలకే కావడంతో ధర్మాదాయ ఆస్తులకు చిక్కొచ్చి 1929లో చట్టాన్ని సవరించారు. నేటి 1963 పరిమితి చట్టం 10వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ నుంచి ట్రస్టు ఆస్తిని రాబట్టే దావాకు గడువు లేదు. తగిన ధర ఇచ్చి కొన్నవాడికి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. ట్రస్టీ అమ్మిన స్థిరాస్తిని అలాంటి కొనుగోలుదారు నుంచి తిరిగి పొందాలంటే, అమ్మకం సంగతి తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లలోపు దావా వేయాలి.