బాట, బజారు, బ్రదుకు: ఉప్పల్, నాచారం

పంట పండించుట యొక యెత్తు. దానిని అమ్ముకొనుట మరియొక యెత్తు. బాటలేని యూర గాదె నిండినను చేతిలో రూకలాడవు. నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారం గ్రామముల చరిత్ర ఇందుకు నిదర్శనము.

రైలు రాకపూర్వము తెలంగాణమున దూరపు వర్తకము ఎక్కువగా ఎడ్లమీదనే సాగెడిది. లంబాడీలు ఎడ్లపై పెరికలు వైచి, సముద్రతీరమునుండి ఉప్పు తెచ్చి, ఇచ్చటి ధాన్యమును కొనిపోయెడివారు. 1874లో వాడినుండి హైదరాబాదునకు ఇనుపదారి వచ్చెను. అది 1886లో వరంగల్లునకు, 1889లో బెజవాడకు సాగెను. నాచారమునకు ఉత్తరమున నున్న మౌలాలి ఈ దారిలోనిదే. రైలు కూతతో ఎడ్లబిడారుల గంటలు క్రమముగా మూగవోయెను. ఆ వర్తకముపై బ్రదికిన లంబాడీలు పలువురు సేద్యమునకు, కూలికి మరలవలసి వచ్చెను. ఒకరికి లాభమైన బాట మరియొకరికి నష్టమయ్యెను.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో 1825లో 363 మైళ్ల ఏరీ కాలువ పూర్తికాగా, బఫెలోనుండి న్యూయార్కునకు టన్నుకు దాదాపు 100 డాలర్లున్న కిరాయి 10 డాలర్లకు లోబడెను. పడమటి గోధుమలు చవుకగా రాగా, తూర్పు రైతులు వానితో పోటీపడలేక పాలు, కూరగాయల వంక తిరిగిరి.

నగరమునకు చేరువనున్న ఉప్పల్ ప్రాంతమునను ఇట్టిదే జరిగినది. మూసీ యొడ్డున నగరపు మురుగునీటితోనే పచ్చగడ్డి పెంచి, నగరములోని పాడిపశువులకు అమ్ముట ఇచ్చట ఒక జీవనోపాధి యయ్యెను.

1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. ఉప్పల్ మీదుగా పోవు వరంగల్లు రస్తాకు ప్రాముఖ్యము పెరిగెను. పిమ్మట ఈ రెండు గ్రామములందును పారిశ్రామిక వాడలు వెలసి, పొలములు కార్ఖానాల యావరణలయ్యెను. 2017 నవంబరులో మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడిచెను. ఒకనాడు పుట్లలో కొలిచిన భూమి ఫలము నేడు గజముల వెలగా మారినది.

బాట సరకును మోయును గాని న్యాయమును మోయదు. అందుచేతనే 1339 ఫసలీలో హైదరాబాదు సంస్థానము వ్యవసాయ మార్కెట్ల చట్టము చేసినది. చట్టమున్నను, తూకము చూడనేర్చి, ధర తెలిసి, దస్తావేజు చదువుకొనగల రైతునకే దాని ఫలము దక్కును. పల్లెకు బాట యెంత యవసరమో గ్రంథాలయమును అంతే యవసరమనుటకు ఇంతకంటె సాక్ష్యము వేరేల?