బస్తర్ విల్లు: బలం, గురి, చరిత్ర

బస్తర్ ఆదివాసుల ప్రస్తావన వస్తే చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. "వాళ్ళు పుట్టుకతోనే విలుకాళ్ళండీ" అంటారు. వినడానికి మెచ్చుకోలుగానే ఉంటుంది. కానీ ఈ మాట వెనక ఒక పొరపాటు దాగి ఉంది. విలువిద్య రక్తంలో వచ్చేది కాదు. అది బలానికీ, దూరానికీ, బరువుకీ, శరీర భంగిమకీ సంబంధించిన లెక్క. ఆ లెక్క తెలిస్తే బస్తర్ విల్లు అడవిలో ఎందుకు గెలిచిందో, తుపాకి ముందు ఎందుకు ఓడిందో, ఆట మైదానంలో ఇంకా ఎందుకు వెనకబడి ఉందో, మూడూ అర్థమవుతాయి. ఆయుధంతో పరిచయం ఉన్న మన పాఠకులకి ఈ విషయం మరింత సులువుగా బోధపడుతుందని నా నమ్మకం.

మనకి పొరుగు నేల

బస్తర్ మనకి పరాయి ప్రాంతమేమీ కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి లోయకి వెళ్ళి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతుంది. దంతెవాడలోని దంతేశ్వరి ఆ వంశపు కులదేవత. కోంట, భోపాలపట్నం వైపు తెలుగు ఈనాటికీ వినబడుతుంది. శబరి నదికి అటూ ఇటూ ఉన్నది ఒకే అడవి, ఒకే కోయ జనం. 1998లో విడదీయక ముందు బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే కేరళ రాష్ట్రం కన్నా పెద్దది! ఇప్పుడు ఆ ప్రాంతం ఏడు జిల్లాలయింది.

ఈ నేల మీద మాడియాలు, మురియాలు, ధురువాలు, దోర్లాలు తరతరాలుగా విల్లంబులు వాడారు. 1920ల చివర బస్తర్ పరిపాలన చూసిన గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల మీద పెద్ద పుస్తకాలు రాశారు. పారద్ అనే సామూహిక వేట అక్కడి ఊళ్ళకి తిండీ, పండగా రెండూను.

వెదురులో దాగిన యంత్రం

బస్తర్ విల్లు చూడటానికి వెదురు బద్ద, అంతే. దాని నారి కూడా చాలాచోట్ల తాడు కాదు, సన్నగా చీల్చిన వెదురు పేడు. చూసినవాళ్ళు మోటు పని అనుకుంటారు. నిజానికి అందులో గట్టి తెలివి ఉంది.

విల్లు అంటే ఒక స్ప్రింగు. మన కండరాలు నెమ్మదిగా పెట్టిన శక్తిని దాచుకుని, క్షణంలో వందోవంతు లెక్కన బయటికి వదిలే సాధనం. చేత్తో బాణం విసిరితే ఎంత దూరం పోతుంది? అదే చెయ్యి విల్లు లాగితే? తేడా అంతా ఈ నిలవలోనే ఉంది. విల్లు లాగినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నలుగుతుంది. వెదురు పైతోలు దగ్గర నారలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఆ సాగుడుని విరగకుండా తట్టుకుంటుంది. నారి వెదురుదైతే ఇంకో లాభం: అది సాగదు. నారి సాగితే శక్తి కొంత అక్కడే వృథా అవుతుంది. నేటి పోటీ విళ్ళకి సాగని కృత్రిమ పోగులు వాడేది కూడా ఇందుకే.

బాణం సంగతి ఇంకా విచిత్రం. అది విల్లు నడిమికి ఒక పక్కన ఆనుకుని ఉంటుంది. నారి మాత్రం నడిమికే దూసుకొస్తుంది. మరి బాణం పక్కకి పోవాలి కదా! పోదు. వదిలిన క్షణంలో అది చేపలా మెలి తిరిగి, పిడిని చుట్టుకుని, మళ్ళీ గురి దారిలోకి వస్తుంది. దీన్ని విలుకాడి వింత అంటారు. 1930లలో అమెరికన్ శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ ఛాయాచిత్రాలతో దీన్ని కళ్ళకి కట్టించాడు. అందుకే విల్లు బలానికి తగిన బిగువు బాణంలో ఉండాలి. మరీ బిగువైతే ఒక పక్కకి, మరీ మెత్తనైతే మరో పక్కకి పోతుంది. ఇక ముందు ములికి బరువు, వెనక ఈకల మీద గాలి ఒరిపిడి, ఈ రెండూ కలిసి బాణాన్ని తిన్నగా నడిపిస్తాయి.

తుపాకి ముందు లెక్క

20వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేసి, పోడునీ, వేటనీ, అటవీ ఉత్పత్తుల సేకరణనీ ఆపాలని ప్రతిపాదించింది. జనం ఊరుకోలేదు. 1910 ఫిబ్రవరిలో భూంకాల్ లేచింది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు అందులో ముందు వినిపిస్తుంది. ఊరూరికీ మామిడి కొమ్మలు, మట్టి పెళ్ళ, మిరపకాయలు, బాణాలు పంపించారు. ఆ పిలుపుకి అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది. ప్రభుత్వం మళ్ళీ పట్టు సాధించడానికి మే నెల దాకా, అంటే మూడు నెలలు పట్టింది. గుండాధుర్ మాత్రం చివరిదాకా దొరకలేదు. రిజర్వు చెయ్యబోయిన అడవిని సుమారు సగానికి తగ్గించారు.

ధైర్యంలో లోటు లేదు. మరి ఓటమి ఎందుకు? లెక్క వేసి చూద్దాం. 18 కిలోల బలంతో, అర మీటరు మేర లాగే విల్లుని ఉదాహరణగా తీసుకుంటే అందులో నిలవుండే శక్తి దాదాపు 44 జౌళ్ళు. అందులో 70 శాతం బాణానికి చేరిందనుకుంటే 31 జౌళ్ళు. 30 గ్రాముల బాణం సెకనుకి 45 మీటర్ల వేగంతో వెళుతుంది. అదే ఆ కాలపు .303 రైఫిల్ గుండు బరువు 11 గ్రాములు, వేగం సెకనుకి 740 మీటర్ల పైన, శక్తి 3 వేల జౌళ్ళకి మించి. అంటే నూరు రెట్లు! బాణం కోసి చంపుతుంది కాబట్టి దగ్గర్లో దానిదీ ప్రాణాంతకమైన దెబ్బే. దూరం పెరిగితే మాత్రం ఇద్దరి మధ్యా పోటీ లేదు.

ఈ లెక్క మన్యంలో అల్లూరి సీతారామరాజుకీ తెలుసు. విల్లంబుల బలగం వెంట ఉన్నా, 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది దేనికి? తుపాకుల కోసమే. ఆ మూడు దాడుల్లో 26 తుపాకులు, 2,500 తూటాలు చేజిక్కాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ రెండూ ఎదురుపడ్డాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులు జరిగి మహారాజా ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయన్ని నమ్ముకున్న ఆదివాసులు కొందరు చనిపోయారు. ఆ తర్వాత 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమయింది. యుద్ధంలో చెల్లక, వేటకి పనికిరాక, బస్తర్ విల్లుకి గౌరవంగా మిగిలిన చోటు ఒక్కటే: క్రీడ.

15 మీటర్లు వేరు, 70 మీటర్లు వేరు

క్రీడలోకి రాగానే "పుట్టుకతోనే విలుకాళ్ళు" అన్న మాట దెబ్బతింటుంది. వేటగాడు చెట్టు చాటున 15 మీటర్ల దూరంలో కొడతాడనుకుందాం. పైన చెప్పిన బాణం అక్కడికి మూడోవంతు సెకనులో చేరుతుంది. దారిలో అర మీటరు పైన జారుతుంది. ఆ జారుడుని అలవాటు పడ్డ కన్నే సర్దేస్తుంది.

ఒలింపిక్ రికర్వ్ పోటీలో దూరం 70 మీటర్లు. పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. సెకనుకి 55 మీటర్ల బాణమైనా చేరడానికి 1.3 సెకన్లు పడుతుంది, ఈలోగా సుమారు 8 మీటర్లు జారుతుంది. ఆ మేరకి పైకి గురి చూడాలి. విలుకాడు నారిని 1 సెంటీమీటరు ఎక్కువ లాగితే శక్తి సుమారు 4 శాతం పెరుగుతుంది. దానివల్ల బాణం తగిలే చోటు 30 సెంటీమీటర్లకి పైగా పైకి పోతుంది. 15 మీటర్ల దగ్గర ఇదే తప్పుకి తేడా 2 సెంటీమీటర్లే! పక్కల సంగతి కూడా అంతే. 70 సెంటీమీటర్లు లాగిన చోట చెయ్యి 0.6 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే చాలు, బాణం పది వలయం అంచుకి చేరుతుంది.

అందుకే పోటీ విలువిద్యలో ప్రతి అలవాటు వెనకా ఒక యాంత్రిక సూత్రం ఉంటుంది. నారిని ప్రతిసారీ గడ్డం కింద ఒకేచోట ఆనించడం, లాగుడు దూరం మారకుండా ఉండటానికి. క్లిక్కర్ పలికాకనే వదలడం కూడా అందుకే. విల్లు ముందు పొడుగాటి కడ్డీ బిగించడం, వదిలినప్పుడు విల్లు చేతిలో తిరిగిపోకుండా. లాగేటప్పుడు చేతి కండ కాకుండా వీపు రెక్కలు పనిచెయ్యాలి, విల్లు పట్టిన చెయ్యి ఎముక మీద ఎముక నిలిచినట్టు ఉండాలి. ఫైరింగ్ రేంజిలో మనకి ఉస్తాదులు నేర్పింది ఇదే కదా! కండ వణుకుతుంది, ఎముక వణకదు.

ఏకలవ్యుడి మీద గౌరవంతో తాము బొటనవేలు వాడమని భిల్లులు చెప్పుకుంటారు. చిత్రమేమిటంటే, ఒలింపిక్ విలుకాళ్ళు కూడా నారిని బొటనవేలితో లాగరు. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళతోనే లాగుతారు. అంటే అడవి పద్ధతికీ మైదానం పద్ధతికీ మధ్య అగాధమేమీ లేదు. ఉన్నది శిక్షణ దూరమే.

శిక్షణ దొరికితే

1980లలో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా స్పెషల్ ఏరియా గేమ్స్ పథకం కింద ఆదివాసీ ప్రాంతాల్లో ప్రతిభ కోసం వెతికింది. అలా రాజస్థాన్ నుంచి వచ్చినవాడే లింబారామ్. వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన కన్ను అడవి ఇచ్చింది, నిజమే. పాయింట్లు తెచ్చింది మాత్రం కొత్త విల్లు, ఏళ్ళ తరబడి సాధన.

దీనికి రెండో సాక్ష్యం మన విజయవాడ. అక్కడ వేట సంప్రదాయం లేదు, అడవీ లేదు. చెరుకూరి సత్యనారాయణ నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీ ఆ నగరంలో విలువిద్యకి పాదు వేసింది. కూతురు వోల్గానీ, కొడుకు, కోచ్ అయిన లెనిన్‌నీ రోడ్డు ప్రమాదాల్లో పోగొట్టుకున్నా ఆయన ఆ పని ఆపలేదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే నగరానికి చెందిన మన సైనికుడు బొమ్మదేవర ధీరజ్ అక్కడే రికర్వ్ జట్టు రజతంలో భాగస్వామి. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు. పుట్టుకే కారణమైతే కృష్ణా తీరం నుంచి వీళ్ళు ఎలా వచ్చినట్టు?

బస్తర్‌లోనూ పని మొదలయింది. కొండగావ్ ప్రాంతంలో ఐ.టి.బి.పి. జవాన్లు డ్యూటీ చేసుకుంటూనే ఆదివాసీ పిల్లలకి విలువిద్య నేర్పారు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ఒలింపిక్స్ ప్రారంభించింది. సుమారు 1 లక్షా 65 వేల మంది పేర్లు ఇచ్చారు. పదకొండు క్రీడల్లో విలువిద్య ఒకటి. ఆయుధం వదిలి లొంగిపోయినవాళ్ళూ, మందుపాతరల్లో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళూ అక్కడ ఒకే మైదానంలో ఆడారు.

ఇది మంచి ఆరంభమే. కానీ ఏడాదికొక పండగతో విలుకాడు తయారు కాడు. పోటీ విల్లు ఖరీదు ఆదివాసీ కుటుంబానికి అందనిది. 70 మీటర్ల మైదానం, రోజూ కోచ్, పాడైన బాణానికి బదులు ఇంకో బాణం, ఇవన్నీ ఏళ్ళ తరబడి కావాలి. "వాళ్ళకి ఎలాగూ వచ్చు" అనేస్తే ఇవేవీ ఇవ్వనక్కర లేదన్న ధీమా మనకి వస్తుంది. ఆ మెచ్చుకోలులో ఉన్న అన్యాయం ఇదే.

1910లో బస్తర్ విలుకాడికి ఎదురైన లెక్కలో నూరు రెట్ల తేడా ఉంది. ఆ తేడాని ఏ సాహసమూ పూడ్చలేదు. ఈనాడు 70 మీటర్ల గీత మీద నిలబడినప్పుడు అతని చేతిలోనూ, కొరియావాడి చేతిలోనూ ఒకే విల్లు ఉండొచ్చు. ఆ విల్లు అతని చేతికి అందించి, ఆ గీత దాకా నడిపించే బాధ్యత దేశానిది. అక్కడ కాపలా ఉన్న మన జవాన్లు అందులో మొదటి అడుగు వేశారంటే అది మనందరికీ గర్వకారణం.