హోసూరు బడి, కోలారు బడి



హోసూరు వైపు పిల్లనిచ్చి, కోలారు వైపునుంచి కోడల్ని తెచ్చుకున్న కుటుంబాలు మీలో చాలానే ఉంటాయి. రెండు చోట్లా ఎన్నో ఇళ్ళల్లో మాట తెలుగే, సంతలో బేరమూ తెలుగే. కాని పిల్లల బడి సంగతి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. హోసూరు, డెంకణికోట పల్లెల్లో తెలుగు మాధ్యమం సర్కారు బడులు తరతరాలుగా నడిచాయి. బాగేపల్లి, ముళబాగిలు పల్లెల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నా, సర్కారు బడి అంటే దాదాపుగా కన్నడ బడే. ఇంట్లో తెలుగు, పలకమీద కన్నడం. అక్కడి పెద్దల్లో పద్యం నోరారా పాడి, తెలుగు అక్షరం మాత్రం చదవలేనివాళ్ళు ఎందరో.

"వాళ్ళకు భాషాభిమానం తక్కువండీ" అని తేలిగ్గా అనేసేవాళ్ళున్నారు. అది అన్యాయమైన మాట. అసలు కారణం తెలియాలంటే రెండు వందల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

1799 మే నెలలో శ్రీరంగపట్నం పడిపోయి, టిప్పు సుల్తాను మరణించాడు. ఆయన రాజ్యాన్ని గెలిచినవాళ్ళు పంచుకున్నారు. హోసూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వాటాకు వచ్చి సేలం జిల్లాలో చేరింది. కోలారు మైసూరు ఒడయార్ల రాజ్యంలో ఉండిపోయింది. ఆ గీత గీసినవాళ్ళెవరూ బడుల గురించి ఆలోచించి ఉండరు. అయినా మీ తాతగారు ఏ లిపిలో అక్షరాలు దిద్దాలో ఆ గీతే తేల్చేసింది.

ఎలాగంటారా? సేలం జిల్లా తమిళ జిల్లాయే. అయితే మద్రాసు రాజధానిలో ఉత్తరాన గంజాం నుంచి నెల్లూరు దాకా, పడమట కడప, అనంతపురం దాకా తెలుగు జిల్లాలున్నాయి. అంతమంది పిల్లలకోసం తెలుగు వాచకాలు అచ్చయ్యేవి, తెలుగు పంతుళ్ళకు శిక్షణ దొరికేది, తెలుగులో పరీక్షలు జరిగేవి. హోసూరు పల్లెలో ఒక తెలుగు బడి పెట్టాలంటే ఆ ఏర్పాటునుంచి ఒక పుస్తకాన్నీ, ఒక పంతులునూ తెచ్చుకుంటే సరిపోయేది. మైసూరు రాజ్యంలో పాలనకు ప్రధాన భాష కన్నడం. అక్కడ కోలారు పల్లెకోసం వేరే ఏర్పాటంతా కొత్తగా పుట్టించాలి. బడి నడవాలంటే మాట్లాడే జనం ఒక్కరే చాలరు. పుస్తకం కావాలి, పంతులు కావాలి, ఆ భాష తెలిసి తనిఖీకి వచ్చే అధికారి కావాలి.

దీనికి బళ్ళారి మంచి సాక్ష్యం. అదీ కర్ణాటకలోనే ఉంది కదా, మరి అక్కడ తెలుగు బడులెలా నిలిచాయి? 1800లో నిజాం కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లో బళ్ళారి ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది మద్రాసులోనే ఉంది. పర్లాకిమిడి కథా ఇలాంటిదే. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పంతులుగా పనిచేసిన ఆ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. ఆయన ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఇక మన కాలానికి వద్దాం. ఒక బడిలో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఆ భాష పిల్లలుంటే మాతృభాషలో చెప్పే పంతులును ఇవ్వాలని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు బలం వచ్చింది. అయితే ఆ 'పది' అంకె రెండంచుల కత్తి. తొమ్మిదో పిల్లవాడి దగ్గర లెక్క ఆగితే పంతులు పోస్టుకే ఎసరు వస్తుంది.

తమిళనాడు 2006లో చేసిన చట్టంతో ఒకటో తరగతినుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తెలుగు ఐచ్ఛికం వరసలోకి వెళ్ళింది. ఆ తొలి జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి సరైన తమిళ బోధన అందలేదని తల్లిదండ్రులు మద్రాసు హైకోర్టుకు వెళ్ళి, ఆ ఏటికి మాతృభాషలో రాసే వెసులుబాటు తెచ్చుకున్నారు. విచిత్రం చూడండి. తెలుగు బడులు అరుదైన కర్ణాటకలో పదో తరగతిలో మొదటి భాషగా తీసుకోగల భాషల జాబితాలో తెలుగు ఉంది. అవి నిలిచిన హోసూరులో ఆ చోటు పోయింది.

అందుచేత రెండు బడుల ఉత్తీర్ణతా శాతాలు పక్కపక్కన పెట్టి, ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పేవాళ్ళను నేనైతే నమ్మను. అడగవలసిన ప్రశ్నలు వేరు. పదవీ విరమణ చేసిన తెలుగు పంతులుగారి స్థానంలో ఎవరైనా వచ్చారా? పుస్తకాలు బడి తెరిచేనాటికి అందాయా, దసరాకు అందాయా? అన్నిటికంటె ముఖ్యంగా, అయిదో తరగతి అయ్యాక ఈ పిల్ల ఏ బడికి వెళ్తుంది, అక్కడ తెలుగు తరగతి ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకకే చాలామంది ఒకటో తరగతిలోనే పిల్లల్ని వేరే మాధ్యమానికి మారుస్తారు. వాళ్ళను తప్పుపట్టలేం.

బడి తెరిచే రోజుల్లో మీ ఊరి బడికి ఒకసారి వెళ్ళండి. ప్రవేశాల రిజిస్టరులో మాతృభాష అనే గడి ఉంటే, దాని ఎదుట మీ పిల్లల పేరుకు ఏం రాశారో చూడండి. ఆ పది అంకెను లెక్కకట్టేటప్పుడు అక్కరకు వచ్చేది ఆ గడే.