సింహం ఎవరిది? (పాట కట్టినోళ్ళు – 6)

ఈ వరుసలో ఇప్పటిదాకా మన నేల మీది పాటల గురించే రాశాను. ఈసారి దక్షిణాఫ్రికా పోదాం. దూరం అనిపిస్తుంది గానీ పాట మీకు తెలిసిందే. "ద లయన్ స్లీప్స్ టునైట్". పేరు తెలియకపోయినా రాగం వింటే గుర్తుపడతారు. 1994లో డిస్నీ తీసిన లయన్ కింగ్‌లో ముంగిసలాంటి టిమోన్, అడవిపంది పుంబా కలిసి పాడుకుంటూ పోతాయి. 2019లో మళ్ళీ తీసిన సినిమా తెలుగులోకి డబ్ అయినప్పుడు ఆ రెండింటికీ అలీ, బ్రహ్మానందం గొంతులిచ్చారు. మన ఇళ్ళల్లో పిల్లలు ఆ రెండు జంతువుల్ని అనుకరిస్తూ ఎగరడం నేను చూశాను. ఆ రాగం ఒక మనిషి గొంతులోంచి వచ్చిందని, ఆ మనిషికి ఒక పేరుందని ఆ పిల్లలకు ఎవరు చెప్తారు? పెద్దోళ్ళకే తెలియదు.

ఆయన పేరు సొలొమన్ లిండా. 1909లో జులూల ప్రాంతంలో, మ్సింగా అనే చోట పుట్టాడు. ఆయనకు నాలుగేళ్ళ వయసప్పుడు, 1913లో, అక్కడ భూమి చట్టం వచ్చింది. దేశంలో అత్యధికులైన నల్లవాళ్ళకు 7 శాతం భూమి మిగిల్చి, మిగతాచోట కొనడానికి వీల్లేదన్న చట్టం అది. మ్సింగా లాంటి పల్లెల్లో పుట్టిన మగపిల్లలు పెద్దయ్యాక గనులకో, ఫ్యాక్టరీలకో, తెల్లవాళ్ళ ఇళ్ళకో పోక తప్పని పరిస్థితి అలా తయారైంది. పాలమూరు వలస గురించి చదివినవాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. లిండా చిన్నప్పుడు పశువులు కాశాడు. మిషన్ బడికి పోయాడు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో పాడేవాడు. 1930లలో జోహన్నెస్‌బర్గ్ చేరాడు.

ఆ నగరంలో వలస కూలీలు ఉండే హాస్టళ్ళు ఉండేవి. హాస్టల్ అంటే మన సోషల్ వెల్ఫేర్ హాస్టల్ లాంటిది అనుకోవద్దు, ఒక్కో గదిలో మంచాల మీద మంచాలు వేసి మనుషుల్ని కుక్కిన షెడ్లు. శనివారం రాత్రయితే ఆ షెడ్లలోనే పాటల పోటీలు జరిగేవి. తెల్లారేదాకా. వాయిద్యాలుండవు, గొంతులే. జట్టు జట్టంతా ఒకే రకం సూటు, నిగనిగలాడే బూట్లు. వారమంతా ఒంటి మీద పని దుస్తులే ఉండే మనుషులు ఆ రాత్రి ఎందుకట్లా తయారయ్యేవాళ్ళో నాకు బాగా అర్థమవుతుంది. ఏప్రిల్ 14న మా వాడలో ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాల్ని చూస్తే మీకూ అర్థమవుతుంది. ఇంకో చిత్రం ఉంది. ఈ పోటీలకు జడ్జీగా వీధిలో పోయే ఎవరో ఒక తెల్లవాణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళట. అతనికి భాష రాదు, పాట తెలియదు, కాబట్టి ఏ జట్టు పక్షమూ వహించడని. నవ్వొస్తుంది. కాసేపాగితే నవ్వు రాదు.

లిండా జట్టు పేరు ఈవెనింగ్ బర్డ్స్. ఆరుగురు. మామూలుగా ఒక్కో శ్రుతికి ఒక్కో గొంతు ఉండే చోట లిండా కింది స్థాయికి ముగ్గుర్ని పెట్టాడు. కింద ఆ మూడు గొంతులు గుమ్మటంలా మోగుతుంటే, పైన ఈయన సన్నటి గొంతు ఎక్కడికైనా ఎగిరిపోవచ్చు. డప్పు దరువు గట్టిగా ఉంటేనే గజ్జె కట్టినోడు ఇష్టమొచ్చినట్టు ఆడగలడు, అదే లెక్క.

1939లో గాలో కంపెనీ స్టూడియోలో వీళ్ళ పాట రికార్డు చేశారు. కంపెనీ తరఫున పాడేవాళ్ళను వెతికి పట్టుకొచ్చే పని గ్రిఫిత్స్ మోత్సియెలోవా అనే నల్లజాతి కళాకారుడిది. పాట పేరు "ఎంబూబె". జులూ భాషలో సింహం. పశువులు కాసే రోజుల్లో లేగదూడల మీదికొచ్చే సింహాల్ని తరిమిన జ్ఞాపకం దాని వెనుక ఉందంటారు. మాటలు చాలా తక్కువ. రెండుసార్లు పాడించారు, కుదరలేదు. మూడోసారి పాట చివరికొస్తుండగా లిండా ముందు అనుకోని ఒక చిన్న రాగం అప్పటికప్పుడు ఎత్తుకున్నాడు. కొన్ని క్షణాల పని. ఇవాళ లోకమంతా కూనిరాగం తీసేది ఆ కొన్ని క్షణాల్నే. తర్వాత అమెరికాలో ఇంగ్లీషు మాటలు రాసినవాళ్ళు వాటిని పేర్చింది కూడా దాని మీదే. యూట్యూబ్‌లో 1939 నాటి రికార్డు దొరుకుతుంది, ఒక్కసారి చివరిదాకా వినండి.

ఆ రికార్డు అక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. 1940ల చివరికి లక్ష కాపీలు దాటిందని చెప్తారు. ఆ తరహా గానానికే "ఎంబూబె" అన్న పేరు స్థిరపడింది. లిండాకు ముట్టింది 10 షిల్లింగులని లెక్క. దానితోపాటు ఒక ఉద్యోగం. గాలో కంపెనీ ఫ్యాక్టరీలో రికార్డులు ప్యాక్ చేసే పని. తన పాట ఉన్న పళ్ళేల్ని తనే అట్టపెట్టెల్లో సర్దే కూలీ. నేను కల్పించి రాస్తే అతి చేశానని మీరే అంటారు.

ఇక అమెరికా. అలన్ లోమాక్స్ అనే జానపద సంగీత సేకర్త, ఒక రికార్డు కంపెనీకి ఆఫ్రికా నుంచి వచ్చి పక్కన పడి ఉన్న కొన్ని రికార్డుల్ని తీసుకెళ్ళి స్నేహితుడు పీట్ సీగర్‌కు ఇచ్చాడు. సీగర్ ఎవరో చాలామందికి తెలుసు. కార్మికుల పక్షాన పాడినవాడు, నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమంతో నడిచినవాడు, కమ్యూనిస్టని ముద్రవేసి ప్రభుత్వం వేటాడినా లొంగనివాడు. ఆయన ఈ రికార్డు విని మురిసిపోయాడు. స్వరాలు రాసుకున్నాడు. జులూలో "ఉయింబూబె", అంటే "నువ్వు సింహానివి" అన్న పదం ఆయన చెవికి "విమొవే" అని వినిపించింది. అదే పేరుతో ఆయన జట్టు ద వీవర్స్ 1951లో రికార్డు చేస్తే, మరుసటి ఏడాది అమెరికా హిట్ల జాబితాలోకి ఎక్కింది. అర్థంలేని ఆ పదమే ఇవాళ్టికీ పాటలో మోగుతోంది.

రికార్డు మీద రచయిత పేరు పాల్ క్యాంప్‌బెల్. అలాంటి మనిషి లేడు. ఎవరివో తెలియని పాత జానపద గీతాల్ని తమ పేరున నమోదు చేసుకోవడానికి వీవర్స్, వాళ్ళ పబ్లిషర్ వాడుకున్న దొంగపేరు అది. అంటే ఏం జరిగిందో చూడండి. పదమూడేళ్ళ కింద, స్టూడియోలో, పేరున్న ఒక మనిషి పాడిన పాట, సముద్రం దాటగానే "సంప్రదాయ గీతం" అయిపోయింది. దానికి లేని మనిషి రచయిత అయ్యాడు. ఉన్న మనిషి మాయమయ్యాడు.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇది నా రోజువారీ పని. డిగ్రీ పిల్లలకు "జానపద గేయ లక్షణాలు" చెప్పాలి. మొదటి లక్షణం అజ్ఞాత కర్తృకం. కర్త ఎవరో తెలియదు. పరీక్షలో ఇది రాయకపోతే మార్కు పోతుంది. కానీ ఎవరికి తెలియదు? మా అమ్మమ్మ నాట్లప్పుడు పాడే పాటల్లో ఇది పోచమ్మ పెద్దమ్మ కట్టింది, ఇది అవతలి ఊరి చంద్రమ్మ కట్టింది, ఈ చరణం నేను కలిపాను అని లెక్క చెప్పేది. వాడలో అందరికీ తెలుసు. నోట్‌బుక్కు పట్టుకొని వచ్చిన మనిషి అడగలేదు. అడగకుండా రాసుకున్నదానికి తర్వాత శాస్త్రం ఒక సాంకేతిక పదం ఇచ్చింది. నిజంగానే ఎవరు కట్టారో చెప్పలేని పాటలు, తరాల నోళ్ళల్లో అరిగి నునుపెక్కిన పాటలు వేలకొద్దీ ఉన్నాయి, కాదనను. బిరుదురాజు రామరాజు గారి తరం సేకరించకపోతే మనకు ఆ మాత్రం కూడా మిగిలేది కాదన్నదీ ఒప్పుకోవాలి. నా పేచీ అంతా, పద్యమైతే ఒక్క పాదం దొరికినా కర్త కోసం శాసనాలు తవ్వే మన సాహిత్య పరిశోధన, వాడపాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా చేతులెత్తేయడం మీద.

సీగర్‌ను విలన్ని చేస్తే ఈ కథ తేలికైపోతుంది. ఆయన అలాంటివాడు కాదు. పాటకు కర్త ఉన్నాడని తెలిశాక లిండాకు 1000 డాలర్లు పంపాడు, తన వాటా డబ్బు ఆయనకు చేరవేయమని పబ్లిషర్‌కు చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడు. అది చేరుతోందో లేదో దశాబ్దాల పాటు వెనక్కి తిరిగి చూడలేదు, ఆ సంగతికి చివరి రోజుల్లో బాధపడ్డాడు కూడా. మన అభ్యుదయ మిత్రుల్లో ఇలాంటివాళ్ళు నాకు చాలామంది తెలుసు. మనసు మంచిది. మన బాణీలంటే ప్రాణం. సభలో పాడతారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఈ బాణీ ఏ ఊరిది, ఎవరిది అని మాత్రం అడగరు, "ప్రజల పాట" అంటారు. ప్రజలంటే పేరు లేనివాళ్ళని ఎవరు చెప్పారు వీళ్ళకు?

1961లో అసలు దెబ్బ పడింది. న్యూయార్క్ బ్రూక్లిన్ కుర్రాళ్ళ జట్టు ద టోకెన్స్ ఈ పాట పాడతామన్నారు. నిర్మాతలు హ్యూగో పెరెట్టి, లుయిజీ క్రియేటోర్ పాటల రచయిత జార్జ్ వైస్‌ను పిలిచి కొత్త ఇంగ్లీషు మాటలు రాయించారు. అడవి, పల్లె, నిద్రపోతున్న సింహం. జులూ పాటలో సింహం నిద్రపోలేదు. ఆ నిద్ర ఎక్కడిదంటే, చనిపోయిన జులూ రాజు చాకా నిజానికి నిద్రపోతున్న సింహమని, ఒకనాడు లేస్తాడని సీగర్ ఈ పాటకు ఒక వివరణ చెప్పేవాడు. లేవబోయే సింహం కాస్తా వైస్ చేతిలో జోలపాట అయిపోయింది. పాట ముందు రికార్డుకు రెండో వైపు పడింది, అంటే ఎవరూ దాని మీద ఆశ పెట్టుకోలేదు. రేడియోవాళ్ళు తిప్పి వేశారు. 1961 డిసెంబరుకల్లా అమెరికాలో మొదటి స్థానం. రచయితలుగా వైస్, పెరెట్టి, క్రియేటోర్. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. లిండా పేరు లేదు.

ఆ తర్వాత 1972లో రాబర్ట్ జాన్, 1982లో ఇంగ్లండులో టైట్ ఫిట్. ఇలా ప్రతి పదేళ్ళకూ ఒకసారి పాట కొత్తగా పుట్టింది. ఎందుకు చావలేదు? నాకు తోచింది చెప్తాను. మూడే స్వరసముదాయాలు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి, కాబట్టి నేర్చుకోవాల్సిన పని లేదు, ఎవరైనా దూరిపోవచ్చు. కింద కోరస్‌కు అర్థం లేదు, కాబట్టి ఏ దేశం పిల్లవాడైనా అనగలడు. పైన రాగం మాత్రం మాటలు లేకుండానే ఏదో పిలిచినట్టు ఉంటుంది. అందరూ ఉండే చోటు, ఒక్కడు ఎగిరే చోటు, రెండూ ఒకే పాటలో. ఆ నిర్మాణం వైస్‌ది కాదు, సీగర్‌ది కాదు. హాస్టల్ షెడ్లో శనివారం రాత్రులు గెలవడం కోసం లిండా కనిపెట్టింది.

టోకెన్స్ పాట మొదటి స్థానానికి ఎక్కిన ఏడాదికే, 1962 అక్టోబరులో, లిండా మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. 53 ఏళ్ళు. సొవెటోలో పేడతో అలికిన నేల ఉన్న ఇల్లు. బ్యాంకులో 25 డాలర్ల కన్నా తక్కువ. భార్య రెజీనా ఆయన సమాధికి రాయి పెట్టించడానికి 18 ఏళ్ళు పట్టింది.

2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా జర్నలిస్టు రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ చరిత్రంతా తవ్వి రాశాడు. పాట 1.5 కోట్ల డాలర్ల దాకా సంపాదించి ఉంటుందని ఆయన అంచనా. ఈ మలాన్ ఎవరో తెలుసా? వర్ణవివక్ష వ్యవస్థను నిర్మించినవాళ్ళలో ఒకడైన డి. ఎఫ్. మలాన్ బంధువర్గం. ఇది చెప్పింది ఆయన్ని పొగడడానికో తిట్టడానికో కాదు. ఆ ఇంట్లో పుట్టినవాడు కూడా అడగదలుచుకుంటే అడగగలడు అని చెప్పడానికి.

కేసు ఎలా నిలబడిందన్నది అన్నిటికంటే ఆసక్తికరం. లిండా చదువు రానివాడు, హక్కులు రాసిచ్చిన కాగితాలున్నాయి. కాగితం ఉంటే పేదవాడి పని అయిపోయినట్టే కదా. అయితే ఓవెన్ డీన్ అనే లాయరు 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలో ఒక నిబంధన పట్టుకున్నాడు. రచయిత తన హక్కుల్ని అమ్ముకున్నా సరే, అతను చనిపోయిన 25 ఏళ్ళకు అవి తిరిగి వారసులకు చేరాలి. ఇంగ్లండులో పెద్ద రచయితల పిల్లలు పేదరికంలో పడకూడదని పెట్టుకున్నది, అందుకే దానికి డికెన్స్ నిబంధన అని పేరు. సామ్రాజ్యమంతటా వర్తించింది. దొరల పిల్లల కోసం రాసుకున్న వాక్యం సొవెటోలో ప్యాకింగ్ కూలీ కూతుళ్ళకు పనికొచ్చింది. లెక్కప్రకారం 1987 నుంచి ఆ హక్కులు వాళ్ళవే. 2004లో కేసు వేసి, డిస్నీకి దక్షిణాఫ్రికాలో ఉన్న ట్రేడ్‌మార్కుల్ని జప్తు చేయించారు. మిక్కీ మౌస్‌తో సహా!

మన 1914 కాపీరైట్ చట్టం కూడా ఆ 1911 చట్టం ఆధారంగా వచ్చిందే. 1957లో మనం సొంత చట్టం చేసుకున్నప్పుడు ఈ వారసుల నిబంధన అందులోకి రాలేదు. 2012లో సవరణ వచ్చి, సినిమా పాట రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీలో వాటా ఇచ్చి తీరాలన్నారు. మంచిదే. కానీ ఆ వాటా అందాలంటే టైటిల్స్‌లో పేరుండాలి. "జానపదం" అని వేసిన చోట వాటా ఎవరికి?

2006 ఫిబ్రవరిలో, పాట హక్కులున్న అబిలీన్ మ్యూజిక్ రాజీకి వచ్చింది. లిండాను సహస్వరకర్తగా ఒప్పుకున్నారు. పాత బాకీ, ముందు రాబోయే దాంట్లో వాటా ఒక ట్రస్టుకు చేరేట్టు ఒప్పందం. మొత్తం ఎంతో బయటపెట్టలేదు. అప్పటికి లిండా కూతుళ్ళలో ముగ్గురే మిగిలారు. ఇంకో కూతురు 2001లో ఎయిడ్స్‌తో చనిపోయింది. మందులకు డబ్బుల్లేవు.

వచ్చే భాగం మన దగ్గరిది. మాభూమి సినిమాలో గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి" పాట గద్దరే కట్టాడని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. సాయుధ పోరాట కాలంలో దాన్ని కట్టిన మనిషి బండి యాదగిరి. ఆయన గురించి మీ ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు ఏమైనా తెలిస్తే ఈ వారంలో అడిగి పెట్టండి, చెప్పినవాళ్ళ పేరుతో సహా రాస్తాను.