కరోనరు: ఒక ఉద్యోగ నామము, దాని చరిత్ర

అమెరికానుండి వచ్చు వార్తలలో ‘కరోనరు’ అను మాట తరచు కనబడును. ఎవరైన అనుమానాస్పదముగా మరణించినప్పుడు, మరణకారణమును ప్రకటించువాడు ఆయనయే. కనుక ఆయన శవపరీక్ష చేయు డాక్టరని చదువరి తలచుట సహజము. అయితే ఆ పదము పుట్టినప్పుడు దానికి వైద్యముతో ఎట్టి సంబంధమును లేదు.

లాటినులో ‘కరోనా’ యనగా కిరీటము. సంపూర్ణ గ్రహణసమయమున సూర్యబింబము చుట్టును కనబడు తేజోవలయమునకును, 2020లో లోకమును గడగడలాడించిన వైరసు జాతికిని ఆ పేరు ఆకారమునుబట్టి వచ్చినది. కరోనరు విషయమున మాత్రము కిరీటమనగా రాజు. ఇంకను స్పష్టముగా చెప్పవలెనన్న, రాజుగారి బొక్కసము.

ఇంగ్లండు రాజు మొదటి రిచర్డు క్రూసేడు యుద్ధమునుండి తిరిగి వచ్చుచు 1192లో శత్రువులకు చిక్కెను. ఆయనను విడిపించుటకు ప్రజలపై పెద్ద పన్నులు వేయవలసి వచ్చెను. 1194లో రాజు విడుదలయ్యెను గాని ఖజానా వట్టిపోయెను. ఆ యేటి సెప్టెంబరులో, హ్యూబర్ట్ వాల్టరు ప్రధాన న్యాయాధికారిగా పాలన నడపుచుండగా, ఒక ఆజ్ఞ వెలువడెను. ప్రతి కౌంటీలోను ముగ్గురు నైట్లను, ఒక గుమాస్తాను ఎన్నుకొనవలెను. వారు ‘కిరీటపు వ్యాజ్యముల’ లెక్కలు భద్రపరుపవలెను. వీరే తొలి కరోనర్లు. షేక్స్పియరు ‘హామ్లెట్’ నాటకములో సమాధులు త్రవ్వువారు ఈ ఉద్యోగిని ‘క్రౌనరు’ అనియే పిలుతురు. పామరుల ఉచ్చారణయే పదము పుట్టుకకు దగ్గరగా నుండుట వింత.

మరి శవములతో వీరికి పనియేమి? ఆ కాలమున చావుకూడ రాబడికి మార్గమే. నేరస్థుని చరాస్తి రాజుది. హంతకుడు దొరకనిచో, హతుడు ఆంగ్లేయుడని ఊరివారు నిరూపింపనంతవరకు, అతనిని పాలకవర్గమైన నార్మనుగానే యెంచి ఆ ప్రాంతమంతటిపై ‘మర్‌డ్రం’ అను జుల్మానా వేసెడివారు. నేటి ‘మర్డరు’ అను మాట దీనికి చుట్టమే. ఈ జుల్మానా 1340లో రద్దయ్యెను. మనిషి ప్రాణము తీసిన బండియో, ఎద్దో ‘డియొడాండు’ అను పేర రాజునకు జప్తు కావలెను, లేదా దాని వెల చెల్లింపవలెను. ఇది చాలకాలము నిలిచినది. 1841లో సోనింగ్ వద్ద రైలు ప్రమాదమున కూలీలు మరణింపగా, జూరీవారు ఇంజనుకును బండ్లకును 1,000 పౌనుల డియొడాండు విధించిరి. రైలు కంపెనీలకు ఇది పెద్ద బెడద యయ్యెను. 1846లో పార్లమెంటు ఆ పద్ధతిని తీసివేసెను.

అయితే జుల్మానా విధింపవలెనన్న ముందు చావు ఎట్లు వచ్చినదో తేలవలెను గదా! సొమ్ము లెక్కకు వచ్చినవాడు చావు లెక్కకూడ చూడక తప్పలేదు. 1276 నాటి శాసనము ప్రకారము కరోనరు గాయముల పొడవు, వెడల్పు, లోతు చూడవలెను. అవి ఏ యవయవమున నున్నవో, ఏ యాయుధముచే కలిగినవో వ్రాయింపవలెను. రాబడి క్రమముగా పోయినది. ఈ పరిశీలన మిగిలినది. నేటి ఇంగ్లండు కరోనరు, చనిపోయినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వెదకును. దోషి ఎవరో తేల్చుట ఆయన పని కాదు.

అమెరికాలో పలు కౌంటీలు కరోనరును నేటికిని ఓట్లతో ఎన్నుకొనును. చాలచోట్ల ఆయన డాక్టరు కానక్కరలేదు. ఈ లోపమును గుర్తించి మసాచుసెట్స్ రాష్ట్రము 1877లోనే ఆ పదవిని తీసివేసి, ‘మెడికల్ ఎగ్జామినరు’ అను పేర వైద్యులను నియమించెను. కావున ఈ రెండు మాటలను ఒకటిగా తెలిగించుట తప్పు. కరోనరును ‘మరణ విచారణాధికారి’ యనుట మేలు.

మన దేశములో 1871 నాటి కరోనర్ల చట్టము కలకత్తా, బొంబాయి నగరములకు వర్తించెను. మద్రాసులో ఈ పదవి 1889లో రద్దయ్యెను. బొంబాయిలో 1999 వరకు నిలిచెను. తెలుగు జిల్లాలలో ఈ విచారణ పోలీసులది. స్టేషను అధికారి పంచాయతీదారుల సమక్షమున శవ పంచనామా జరుపును. పోస్టుమార్టం డాక్టరు చేయును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ విభాగము ఆ పంచనామాలో ఏమేమి వ్రాయవలెనో చెప్పుచున్నది: గాయములు, విరిగిన యెముకలు, కమిలిన గుర్తులు, అవి ఏ యాయుధముచే కలిగినట్లు తోచుచున్నదో ఆ సంగతి.